రాయి పోయినా చోటు పోదు

పొలం మూలన పాతిన సర్వే రాయి ఒకటి కనబడకుండా పోయిందనుకుందాం. ట్రాక్టరు నాగలికి తగిలి లేచిపోయి ఉండొచ్చు. కాలవ పూడిక తీసినప్పుడు మట్టిలో కలిసిపోయి ఉండొచ్చు. పక్క కమతం వాడే ఓ రాత్రివేళ పెకలించి చెరువులో పారేసి ఉండొచ్చు. గట్టు మీద ఇరుగుపొరుగు రైతులు నిలబడి "ఇక్కడుండేది" అని ఒకరు, "కాదు, ఆ తుమ్మచెట్టు దగ్గరుండేది" అని ఒకరు వాదించుకుంటున్నారు. ఆ రాయిని పాతించిన మనిషి పోయి ఎన్ని దశాబ్దాలైందో ఎవరికీ తెలియదు. మరి ఆ చోటు మళ్లీ ఎలా దొరుకుతుంది?

దొరుకుతుంది. సర్వే శాఖ రికార్డు గదిలో ఎఫ్‌ఎంబీ అనే పుస్తకం ఉంటుంది, అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. అందులో ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పటం. తెలంగాణ జిల్లాల్లో దీనికి దీటైనది టీపన్. అంచులు చిరిగి, పసుపుపచ్చగా మారిన ఆ కాగితాన్ని చాలామంది రైతులు తగాదా వచ్చిన రోజునే మొదటిసారి చూస్తారు. అందులో గీతలూ అంకెలూ తప్ప మరేమీ కనబడవు. ఆ గీతల్లో, అంకెల్లో ఎంత పనితనం దాగి ఉందో చెప్పాలనే ఈ వ్యాసం. భూమిని కొలవడం ఒక విద్య. కొలిచినదాన్ని, తర్వాత వచ్చే ముక్కూమొహం తెలియని మనిషి అదే చోటికి చేరుకునేలా రాసిపెట్టడం అంతకు మించిన విద్య. నిన్నటి గొలుసునూ నేటి ఉపగ్రహాన్నీ నేను ఆ రెండో విద్యతోనే తూచి చూస్తాను.

ఒక పటం చదివి చూద్దాం. అర్థమవడానికి సులువైన అంకెలతో ఓ నాలుగు మూలల చేను తీసుకుంటాను. మూలలు ఎ, బి, సి, డి. ఎ నుంచి సి దాకా, చేనుకు అడ్డంగా ఒక గీత ఉంటుంది. సర్వేయర్లు దీన్ని జీ లైన్ అంటారు. నేల మీద గట్టూ ఉండదు, గుర్తూ ఉండదు, అది కొలత కోసం మాత్రమే వేసుకున్న గీత. దాని పొడవు 500 లింకులు. ఎ నుంచి నడుచుకుంటూ పోతే 180 లింకుల దగ్గర ఎడమవైపు బి మూలకు లంబంగా చూడొచ్చు. అక్కడి నుంచి బి దాకా 240 లింకులు. ఇంకొంచెం ముందుకు, 280 లింకుల దగ్గర కుడివైపు డి మూలకు లంబం. దాని పొడవు 210. జీ లైన్ వెంట ఈ అంకెలు మెట్లు మెట్లుగా పైకి పోతుంటాయి కనుక దాన్ని లాడర్ అంటారు. చేనుకు వంకర ఉన్న ప్రతిచోటా లాడర్‌కు ఒక మెట్టు. చుట్టూ పక్క సర్వే నంబర్లు, రాళ్ల గుర్తులు, బయటి గట్ల పొడవులు. అంతే పటం.

ఇప్పుడు పోయిన రాయి బి అనుకోండి. ఎ, సి రాళ్లు నిలిచే ఉన్నాయి. సర్వేయరు ముందు ఆ రెంటి మధ్య టేపు పట్టిస్తాడు. పటంలోని 500 లింకులు నేటి లెక్కలో 100.58 మీటర్లు. నేల మీద అంతే వచ్చిందా? వస్తే రెండు రాళ్లూ కదల్లేదన్న నమ్మకం కుదురుతుంది. కాస్త తేడా వస్తే దాన్ని అదే దామాషాలో లాడర్ మొత్తానికీ పంచుతాడు. బాగా తేడా వస్తే ఆ రెండు రాళ్లలో ఒకటి అబద్ధం చెబుతోందని గ్రహించి పక్క సర్వే నంబరు రాళ్ల దాకా పోతాడు. నమ్మకం కుదిరాకే 180 దగ్గర నిలబడి, లంబం తిప్పి, 240 కొలిచి పార దించమంటాడు. చాలాసార్లు ఆ చోట తవ్వితే పాత రాయి మొదలో, ఎప్పుడో విరిగిన ముక్కో బయటపడుతుంది కూడా.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటుంది. లాడర్ ఒక్కటున్నా బి చోటు దొరుకుతుంది. అయినా పాత సర్వేయరు ఎ నుంచి బి దాకా గట్టు వెంట కూడా విడిగా కొలిచి రాశాడు. మన ఉదాహరణలో అది 300 లింకులు రావాలి, ఎందుకంటే 180, 240 భుజాలుగా ఉన్న లంబకోణ త్రిభుజానికి కర్ణం 300. గట్టు మీద 306 వచ్చిందంటే ఎక్కడో ఒక అంకె తప్పు. ఆ తప్పు సాయంత్రం డేరాలో లెక్క వేసుకున్నప్పుడు బయటపడుతుంది, మర్నాడు పొద్దున్నే మళ్లీ చేనుకు పోవాలి. అక్కర్లేని కొలత ఒకటి కావాలని తీసుకోవడం, అది ముందు కొలతను నిలదీసేలా చూడడం, ఈ ఒక్క అలవాటు మీదే పాత సర్వే అంతా నిలబడి ఉంది.

లెక్క సౌలభ్యం కూడా చూడండి. చేను విస్తీర్ణం కావాలంటే రెండు లంబాలూ కలిపి, సగం చేసి, జీ లైన్ పొడవుతో గుణిస్తే చాలు. 240, 210 కలిస్తే 450, సగం 225, దాన్ని 500తో గుణిస్తే 1,12,500 చదరపు లింకులు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. కాబట్టి ఇది ఒక ఎకరం పన్నెండున్నర సెంట్లు. భాగహారం లేదు, కోష్టకం లేదు, దశాంశ బిందువును జరిపితే సరిపోయింది. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు 66 అడుగుల గొలుసును నూరు లింకులుగా విభజించడంలోని తెలివి ఇది. ఒక్కో లింకు 7.92 అంగుళాలు, వినడానికి వికారమైన అంకె. కానీ పది చదరపు గొలుసులు సరిగ్గా ఎకరం. ఎర్రటి ఎండలో చేను గట్టున కూర్చుని లెక్కవేసే మనిషిని తలచుకుని చేసిన పనిముట్టు అది.

ఆ గొలుసును చేతిలోకి తీసుకున్నవాళ్లకు తెలుస్తుంది. పది లింకులకో ఇత్తడి బిళ్ల వేలాడుతుంటుంది. ఒక పన్ను ఉన్న బిళ్ల పది, రెండు పళ్లుంటే ఇరవై, మూడుంటే ముప్పై, నాలుగుంటే నలభై. నట్టనడుమ యాభై దగ్గర గుండ్రటి బిళ్ల. అక్కడి నుంచి మళ్లీ నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఏ కొస నుంచి పట్టుకున్నా చదువుకోవచ్చు. చీకటి పడుతున్నా వేలితో తడిమి చెప్పొచ్చు. చైన్‌మన్ చేతిలో పది ఇనుప చువ్వలుంటాయి. గొలుసు పరిచిన ప్రతిసారీ కొస దగ్గర ఒకటి గుచ్చి ముందుకు పోతాడు, వెనకవాడు ఏరుకుంటూ వస్తాడు. పదీ వెనకవాడి చేతికి చేరితే పది గొలుసులు. మనసులో లెక్కపెట్టుకోవడం అనే మాటే లేదు, మరిచిపోయే ఆస్కారమే ఉంచలేదు.

గుట్ట వాలులో గొలుసును నేలకు ఆనించి లాగితే కొలత ఎక్కువొస్తుంది. విస్తీర్ణం ఎప్పుడూ చదును మీదే లెక్క. పదిహేను డిగ్రీల వాలులో నూరు మీటర్లు నడిస్తే చదును మీద 96.6 మీటర్లే. అందుకని గొలుసును మట్టంగా, కొంచెం కొంచెంగా ఎత్తి పట్టి, కొస నుంచి దారానికి కట్టిన గుండు వదిలి, అది తాకిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. నడుము విరిగే పని. గొలుసు వాడకంతో సాగుతుంది కూడా. నూరు లింకుల గొలుసు నూటొక్క లింకు పొడవుకు సాగితే ఎకరం చేనులో రెండు సెంట్లు మాయమైపోతాయి. పొడవులోనూ వెడల్పులోనూ తప్పు దూరుతుంది గనుక రెండింతలు. ఖాయమైన కొలతతో పోల్చి చూడకుండా గొలుసును పొలంలోకి తీసుకుపోకూడదన్న నియమం అందుకే వచ్చింది.

మన నేల మీద ఈ విద్యకు పాతకాలపు వేళ్లే ఉన్నాయి. 1800లో రాయలసీమ వైపు దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక అక్కడి కలెక్టరు థామస్ మన్రో పొలం పొలం కొలిపించాడు. ఆయన మనుషుల చేతిలోది 33 అడుగుల గొలుసు. దాని చదరం ఎకరంలో నలభయ్యో వంతు. తెలంగాణ రైతు ఇవాళా చెప్పే గుంట అదే కొలత: 33 అడుగులు పొడవు, 33 వెడల్పు, 121 గజాలు, నలభై గుంటలకు ఎకరం. దివాను మొదటి సాలార్‌జంగ్ కాలంలో మొదలైన నిజాం రాజ్య సర్వే బొంబాయి పద్ధతిని అనుసరించింది. 33 అడుగుల గొలుసును అణాల లెక్కన పదహారు భాగాలు చేసింది. టీపన్ మీద అంకెలు లింకుల్లో కాక అణాల్లో కనబడేది అందుకే. కోస్తా, రాయలసీమ వాళ్లు సెంట్లలో, తెలంగాణ వాళ్లు గుంటల్లో మాట్లాడుకోవడం వెనక రెండు సర్వే సంప్రదాయాలున్నాయి. రెండూ శ్రమపడి కట్టినవే. అయితే పోయిన రాయిని తిరిగి నిలబెట్టే విషయంలో, అడ్డగీతలతో త్రిభుజాలు కట్టిన ఎఫ్‌ఎంబీకే నేను ఓటు వేస్తాను.

చేను చేనుకూ వేసిన ఈ త్రిభుజాలు ఊరి మీద సరిగ్గా పరుచుకోవాలంటే పైనుంచి ఒక కట్టుబాటు ఉండాలి. ఎఫ్‌ఎంబీ పుట్టిన మద్రాసు పద్ధతిలో ముందు ఊరి పొలిమేర చుట్టూ థియోడొలైట్‌తో కోణాలు కొలుచుకుంటూ తిరిగి మొదటి రాయి దగ్గరికే చేరేవారు. పన్నెండు మూలలున్న చుట్టు అయితే లోపలి కోణాలన్నీ కలిపి 1,800 డిగ్రీలు రావాలి, రాకపోతే మళ్లీ తిరగాలి. మూడు ఊళ్లు కలిసే చోట ట్రైజంక్షన్ రాయి. ఆ పెద్ద చుట్టును ఖండాలుగా విడగొట్టి, ఆ ఖండాల లోపల గొలుసు సర్వే. పెద్దది ముందు, చిన్నది తర్వాత. చిన్నవాటిని అతికించి పెద్దది చేయబోతే తప్పులన్నీ పోగుపడి పొలిమేర దగ్గర బద్దలవుతాయి.

దీనికీ పైమెట్టున బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ పని ఉంది. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆయన కొలవడం మొదలుపెట్టిన గీత పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. నూరడుగుల ఉక్కు గొలుసును చెక్కపెట్టెల్లో నీడన పరిచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, వేడికి ఉక్కు ఎంత సాగిందో లెక్కలోంచి తీసేస్తూ కొలిచాడు. అక్కడి నుంచి కొండ కొండకూ త్రిభుజాలు అల్లుకుంటూ ఉత్తరానికి వస్తూ, దారిలో మన గుత్తి దగ్గరా తర్వాత బీదరు దగ్గరా మళ్లీ నేల మీద గీత కొలిచి తన లెక్కను తానే పరీక్షించుకున్నాడు. లెక్కలో వచ్చిన పొడవూ నేల మీద వచ్చిన పొడవూ కలవాలి. చేనులో చైన్‌మన్ గట్టును విడిగా కొలిచి సరిచూసుకున్న అలవాటు, ఉపఖండమంత కొలతలో కూడా అదే.

అయితే ఎఫ్‌ఎంబీకి ఒక లోటు ఉంది. ప్రతి పటం తన చేనుకు సంబంధించినంతవరకు నిక్కచ్చిగా ఉంటుంది గానీ, ఈ చేను భూగోళం మీద ఎక్కడుందో దానికి తెలియదు. దాని ఆధారాలన్నీ పక్క రాళ్లే. ఒక ప్రాంతంలో రాళ్లన్నీ పోతే, రియల్ ఎస్టేట్ వెంచర్ వచ్చి గట్లన్నీ చదును చేసేస్తే, లాడర్‌కు నిలబడడానికి మొదటి మెట్టే దొరకదు. ఊరి పటాలన్నీ కంప్యూటర్లో ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూస్తే అంచులు కొన్నిచోట్ల కలవవు, కొన్నిచోట్ల ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. పైగా చాలా ఊళ్లలో ఈ పటాలు వేసి తరాలు గడిచాయి. పంపకాలు జరిగాయి, అమ్మకాలు జరిగాయి, కాగితం మీద సబ్‌డివిజన్ మాత్రం పడలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే ఈ లోటును తీర్చడానికి వచ్చిందే. సర్వే ఆఫ్ ఇండియా రాష్ట్రంలో 70 బేస్ స్టేషన్లు నెలకొల్పింది. వాటిని కోర్స్ స్టేషన్లంటారు. పొలంలో సర్వేయరు చేతిలో రోవర్ ఉంటుంది, నిలువు కర్ర మీద పుట్టగొడుగులాంటి రిసీవరు. ఈ జంట పనిచేసే తీరు తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అవి పంపే తరంగాల్లో ఒకదాని నిడివి సుమారు 19 సెంటీమీటర్లు. వచ్చిన తరంగం ఏ అంచున ఉందో, అంటే ఒక అలలో ఎంత భాగమో, రిసీవరు మిల్లీమీటర్ల స్థాయిలో చెప్పగలదు. చెప్పలేనిది ఒకటే, ఉపగ్రహానికీ తనకూ మధ్య అలాంటి అలలు పూర్తిగా ఎన్ని ఉన్నాయో. కోట్ల సంఖ్యలో ఉన్న ఆ అలల్ని ఒక్కటి కూడా తప్పకుండా తేల్చాలి. పైగా గాలిపొరలు దారిలో తరంగాన్ని ఆలస్యం చేస్తుంటాయి. బేస్ స్టేషన్ అక్కరకొచ్చేది ఇక్కడే. అది కదలకుండా, తన స్థానం ఖచ్చితంగా తెలిసి కూర్చుని, అవే ఉపగ్రహాలను చూస్తుంటుంది. దాని దగ్గరికి వచ్చే తరంగం ఎంత ఆలస్యమైందో, పొలంలోని రోవర్ దగ్గరికి వచ్చేది కూడా దాదాపు అంతే ఆలస్యమవుతుంది. రెండింటి తేడా తీస్తే ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. అప్పుడు అలల లెక్క పూర్ణాంకంగా తేలుతుంది. తెర మీద "ఫిక్స్" అని పడుతుంది. అప్పటిదాకా "ఫ్లోట్". ఫ్లోట్‌లో ఉండగా తీసుకున్న పాయింటు చేతి వెడల్పు నుంచి జానెడు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తప్పొచ్చు. ఫిక్స్ వచ్చాక ఐదు సెంటీమీటర్ల లోపు.

నేను చూసిన మంచి సర్వేయర్లందరిలో ఒక అలవాటు ఉమ్మడిగా కనబడింది. ఫిక్స్ పడగానే బటన్ నొక్కరు. ముందు కర్రకున్న నీటిబుడగను చూస్తారు. రెండు మీటర్ల కర్ర ఒక్క డిగ్రీ వాలితే పైన రిసీవరు మూడున్నర సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఉపగ్రహాలన్నీ కలిసి సాధించిన ఖచ్చితత్వం మణికట్టు దగ్గర పోతుంది. పాయింటు తీసుకున్నాక రోవర్‌ను పక్కకు తీసుకుపోయి, పట్టు వదిలించి, కొత్తగా ఫిక్స్ తెచ్చుకుని మళ్లీ అదే రాయి మీద పెడతారు. రెండు అంకెలూ కలిస్తేనే రాసుకుంటారు. చెట్ల కింద, గోడల పక్కన తరంగం ఆకులకూ గోడలకూ తగిలి మెలితిరిగి వస్తుంది. అప్పుడు తెర మీద ఫిక్స్ అని పడినా అది తప్పుడు ఫిక్స్ కావచ్చు. రెండోసారి పెట్టి చూడనివాడికి ఈ సంగతి తెలియనే తెలియదు.

కోనసీమ కొబ్బరితోటల్లోకి పోతే ఈ పనితనం ఇంకా తేటగా కనబడుతుంది. అక్కడ రాయి తోట నడుమ ఉంటుంది, నెత్తిన ఆకాశమే కనబడదు. అప్పుడు చేతనైనవాడు తోట బయట, ఆకాశం విశాలంగా కనబడే చోట రెండు పాయింట్లు ఫిక్స్‌తో తీసుకుంటాడు. ఆ రెండింటి నుంచీ రాయికి టేపు పట్టి రెండు దూరాలు కొలుస్తాడు. రెండు తెలిసిన చోట్లు, రెండు దూరాలు, త్రిభుజం కుదిరింది, రాయి చోటు తేలింది. ఆ తర్వాత మూడో పాయింటు ఒకటి తీసుకుని అక్కడి నుంచి కూడా కొలుస్తాడు, ముందు రెంటినీ నిలదీయడానికి. ఎఫ్‌ఎంబీలోని జీ లైన్‌ను తోట బయట ఉపగ్రహాలతో వేసుకున్నట్టే. టేపు సంచిలో లేని రోవర్ సర్వేయరును నేను పూర్తి సర్వేయరుగా లెక్కించను.

కంటికి కనబడని పని ఇంకొకటి ఆఫీసులో జరుగుతుంది. భూమి గుండ్రం, పటం చదును. పటం కోసం భూగోళాన్ని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా చీల్చుకున్నారు. 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశం దాకా ఉన్న 44వ పట్టీలో మన రెండు రాష్ట్రాల్లో చాలా భాగం పడుతుంది. కానీ అనంతపురం, జహీరాబాద్ 43వ పట్టీలోకి, పలాస, ఇచ్ఛాపురం 45వ పట్టీలోకి పోతాయి. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే మూడు పట్టీల్లో పడుకుని ఉంది. అంతకన్నా సున్నితమైన సంగతి, పట్టీ నడిమి రేఖ మీద, అంటే 81 డిగ్రీల దగ్గర, ఏలూరు వైపున, నేల మీది వెయ్యి మీటర్లు ఆ పటంలో 999.6 మీటర్లే అవుతాయి. పట్టీ అంచుల్లో సాగుడు హద్దు మీరకుండా ఉండటానికి నడుమ కావాలనే అంత తగ్గించారు. దాన్ని సరిచేయకుండా విస్తీర్ణం తీస్తే ఎకరానికి దాదాపు నాలుగు గజాలు, పదెకరాలకు ముప్పాతిక సెంటు పైన తగ్గుతుంది. రైతు "నా భూమి తగ్గింది" అంటే అందరూ గట్టు వైపు చూస్తారు. ఒక్కోసారి చూడాల్సింది లెక్క వైపు. ఈ సవరణ మరిచిపోకుండా చేసే మనిషి పేరు ఏ పాసుపుస్తకంలోనూ ఉండదు.

డ్రోన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరూ చూసిందే. ఒక ఫోటో మీద ఒకటి ఎక్కేలా వందలాది ఫోటోలు తీసి, నేల మీద ముందే రోవర్‌తో కొలిచిపెట్టిన గుర్తులకు వాటిని కట్టి, వంపులు సరిచేసి, ఊరంతటినీ ఒకే చిత్రంగా కుట్టేస్తారు. సిబ్బంది దాన్ని ఓఆర్‌ఐ అంటారు. వేగంలో దానికి సాటి లేదు. కానీ డ్రోన్ కంటికి గట్టు కనబడుతుంది, హక్కు కనబడదు. అన్నదమ్ములు ముగ్గురు గట్టు వేసుకోకుండా కలిసి సాగుచేసుకుంటుంటే దానికి ఒకటే కమతం. అలాంటివి జాయింట్ ఎల్‌పీఎంలుగా, అంటే ఉమ్మడి కమత పటాలుగా, నమోదైన ఊళ్లలో రైతులు ఎంత తిరిగారో పత్రికలు చదివేవారికి తెలుసు. మామిడితోటలో, ఏపుగా పెరిగిన వరిలో గట్టే కనబడదు.

గట్టు కనబడినా చిక్కు తీరదు. గట్టు వెడల్పు రెండడుగులు, అంటే అరవై సెంటీమీటర్లు అనుకుందాం. హద్దు దాని నడుమ ఉందా, ఈ అంచునా, ఆ అంచునా? నూరు మీటర్ల పొడవున ఈ అనుమానం విలువ ముప్పై చదరపు మీటర్లు, ముప్పై ఆరు గజాలు. ఐదు సెంటీమీటర్ల ఖచ్చితత్వమున్న యంత్రం ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. గట్టు ఎవరిదో, ఎవరు మట్టి వేశారో, ఎవరి కొబ్బరిచెట్లు దాని మీద ఉన్నాయో రెండు వైపుల రైతులూ నిలబడి చెప్పాలి. పాత ఎఫ్‌ఎంబీ పక్కన పెట్టుకుని చూడాలి. సిబ్బంది భాషలో గ్రౌండ్ ట్రూతింగ్ అనే ఈ దశను తొందరలో కానిచ్చిన ఊరికీ, ఓపిగ్గా చేసిన ఊరికీ ఉన్న తేడా తర్వాత వచ్చే అర్జీల కట్టల్లో కనబడుతుంది. రీసర్వేలో మొత్తం నాణ్యత ఇక్కడే తేలుతుందని నా అభిప్రాయం. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో చేరిన సర్వేయర్లలో చాలామంది చిన్న వయసువాళ్లు. ఇద్దరు పెద్దమనుషులు కేకలేసుకుంటుంటే నడుమ నిలబడి "అయ్యా, ఇద్దరూ ఇటు రండి, ఈ రాయి చూడండి" అని నెమ్మదిగా పని కానిచ్చే అమ్మాయిలనూ అబ్బాయిలనూ చూశాను. ఆ నేర్పు ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదు.

ఈ పనిముట్లు పొలం దాటి ఇంకా చాలా చోట్లకు పోతున్నాయి. పాత సర్వేలో గ్రామకంఠం అని ఒకే ముద్దగా వదిలేసిన నివాస స్థలాలను ఇంటింటికీ విడదీసి కొలిచే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న మొదలైంది. హైదరాబాదు చెరువుల ఎఫ్‌టీఎల్, అంటే నిండు నీటిమట్టపు గీత గీయాలన్నా నేల ఎత్తుపల్లాల కొలతే ఆధారం. తెలంగాణలో 2025లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం రిజిస్ట్రేషన్‌కు సర్వే పటాన్ని జోడించే దారి వేసింది. మంచి దారి.

ఒక్కటి మాత్రం హెచ్చరికగా చెప్పాలి. ఫోన్‌లో యాప్ తెరిచి పొలం చుట్టూ నడిచి "నాకు ఐదు సెంట్లు తక్కువొచ్చింది" అని గొడవకు దిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఫోన్‌లోని జీపీఎస్ మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ చూపించడం మామూలే. ఎకరం చతురస్రానికి ఒక్క పక్క మూడు మీటర్లు జరిగితే దాదాపు ఐదు సెంట్లు తేడా వస్తుంది. పొలానికి దారి చూసుకోవడానికి ఫోను చాలు, హద్దు తేల్చడానికి చాలదు.

కొత్త పద్ధతిలో రాయి పోయినా భయం లేదు. దాని అక్షాంశ రేఖాంశాలు నిలిచి ఉంటాయి, రోవర్ తీసుకుపోయి మళ్లీ పాతొచ్చు. ఇది చిన్న సంగతి కాదు, లాడర్‌కు దొరకని మొదటి మెట్టు దీనితో దొరికింది. కానీ ఒక అంకె తప్పుగా ఎక్కితే ఆ తప్పును అదే అంకె బయటపెట్టలేదు. పక్క రాయి నుంచి దూరం, గట్టు పొడవు, అడ్డగీత, ఇవి కూడా పటం మీద ఉంటేనే పట్టుకోగలం. అందుకే పాత ఎఫ్‌ఎంబీలను మూలన పడేయడానికి ఒప్పుకోకూడదు. వాటిని స్కాన్ చేసి, కొత్త పటంతో జతచేసి, రెంటి తేడాలను రైతుకు చూపించాలి. సర్వే శాఖకు నా విన్నపం ఇదే.

చదివేవారికి కూడా నాలుగు మాటలు. మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ నకలో, టీపన్ నకలో తెలంగాణ, ఆంధ్ర తేడా లేకుండా ఈ వేసవిలోనే తెప్పించుకోండి. మీ రాళ్లు ఏయే మూలల ఉన్నాయో పిల్లల్ని వెంటబెట్టుకుని పోయి చూపించండి. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ప్రకారం వాటిని కాపాడుకోవలసిన బాధ్యత పట్టాదారుదే. సర్వే నోటీసు వచ్చిన రోజున పట్నంలో ఎంత పనున్నా మానుకుని గట్టు మీద ఉండండి, పక్క రైతును కూడా పిలవండి. సర్వేయరు రెండోసారి కర్ర పెట్టి చూస్తానంటే తొందరపెట్టకండి, కాస్త మంచినీళ్లిచ్చి ఆగండి.